ముదురు రంగు మంగళగిరి చీరకు తెల్ల చారలు పడకుండా గంజి పెట్టడం ఎలా?

ఆఫీసుకు నేను చేనేత నూలు చీరలే కట్టుకుంటాను. సింథటిక్ అయితే నలగదు కదా అంటారు. కానీ మగ్గం మీద నేసిన చీర కట్టుకున్న రోజే నేను నాలా ఉన్నాననిపిస్తుంది, అందుకే దయచేసి ఆ సలహా మాత్రం వద్దు.

చీర మంగళగిరి కాటన్, 80 కౌంటు (అంటే సన్నటి) నూలు, ముదురు మెరూన్ రంగు, జరీతో నిజాం అంచు. ఉదయం 8 గంటలకు కట్టుకుంటే 11 అయ్యేసరికి నడుం దగ్గర కుచ్చిళ్లు నలిగి, పైట జారిపోతోంది.

అన్నం వార్చిన గంజిని పల్చటి గుడ్డతో వడగట్టి పెట్టాను. ఆరాక మడతల్లో తెల్ల చారలు తేలాయి. ఇదే గంజి నా లేత గోధుమ రంగు చీరకు చక్కగా పట్టింది. తర్వాత లీటరు నీళ్లకు రెండు చెంచాల సగ్గుబియ్యం ఉడికించి, చల్లార్చి, చీరను తిరగేసి ముంచి నీడలో ఆరేశాను. చారలు తగ్గాయి గానీ అంచు వెంట బట్ట ముడుచుకుపోయింది, తడి ఉండగానే ఇస్త్రీ చేసినా సాగలేదు. స్ప్రే గంజి మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. రోలింగ్‌కి (చీరను రోలర్ల మధ్య నొక్కి సాపు చేసే షాపుకి) ఇస్తే బ్రహ్మాండంగా వస్తుంది, కానీ ప్రతి ఉతుకుకీ ఇవ్వాలంటే నాకు భారమే.

ముదురు రంగు నూలు చీరకు చారలు పడకుండా, జరీ అంచు ముడుచుకోకుండా, సాయంత్రం దాకా నిలిచేలా ఇంట్లోనే గంజి పెట్టేవాళ్లు ఏ గంజి, ఎంత పల్చగా, ఎలా పెడుతున్నారు?