ఎర్రది దాపలికా, దాపుకా?

నల్లకుంట: చిన్నప్పుడు మా ఇంట్లో వీసీఆర్ బిగించడానికొచ్చిన మెకానిక్ తాత ఒక ముక్క గొణుగుతూ తీగలు పెట్టేవాడు. "పచ్చది బొమ్మకు, తెల్లది పాటకు, ఎర్రది దాపలికి." చివరి మాట దాపలికేనా? అక్క పెళ్లి డీవీడీ చూద్దామని పాత ప్లేయరు కొత్త టీవీకి తగిలించబోతే పొద్దున్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. పైగా టీవీ వెనక పసుపు జాక్కే లేదు!

మలక్‌పేట మాస్టారు: దాపలంటే ఎడమ, దాపలికి ఎలా అవుతుందండీ? తెలుపు ఎడమ స్పీకరుకి, ఎరుపు కుడికి. "వలపలికి" అని ఉంటాడు. వలపలగిలకలో ఉన్న వలపలే.

అల్వాల్: మాస్టారూ, తాత నిలబడింది టీవీ వెనకాల. అక్కణ్ణుంచి కుడి స్పీకరు ఆయన ఎడమ చేతివైపుకొస్తుంది. దాపలే రైటు.

మలక్‌పేట మాస్టారు: దాపటెద్దు, ఎలపటెద్దు కూడా వెనక కూర్చుని చెప్పేవే. కానీ ఎద్దూ తోలేవాడూ ఒకవైపే చూస్తారు. టీవీ వెనక్కి తిరిగి మనల్ని చూస్తుంది. పోలిక కుదరదు.

అల్వాల్: కుదరదు గనకే తిరగబడిందంటున్నా.

బర్కత్‌పుర: ఇద్దరూ మోనో టీవీ సంగతి మర్చిపోయారు. అప్పట్లో పాటకి ఒకటే బెజ్జం. కోఠీ గుజరాతీ గల్లీలో మూడు తీగల వైరు కొంటే తెల్లది గుచ్చేవాళ్లం, ఎర్రదానికి చోటే లేదు. మా నాన్న దాన్ని రబ్బరు బ్యాండుతో చుట్టి టీవీ వెనక దాచేసేవారు. కాబట్టి "ఎర్రది దాపుకు". దాపు అంటే చాటు. మాత్రలు లెక్కపెట్టండి: బొమ్మకు, పాటకు, దాపుకు, నాలుగేసి. దాపలికి అయితే ఐదు.

మలక్‌పేట మాస్టారు: లయ కుదరలేదని పాఠం దిద్దేయడం పరిష్కర్తల పాత జబ్బు. మెకానిక్ తాత గణాలు చూసుకుని తీగలు పెట్టాడా?

నల్లకుంట: ఇంతకీ పచ్చది ఏదండీ? నా టీవీకి ఉన్నది ఆకుపచ్చ జాక్.

కాచిగూడ: పచ్చంటే పసుపే. పచ్చకామెర్లు.

అల్వాల్: పచ్చగడ్డి?

కాచిగూడ: కాలం చూడండి సార్. ఆ వీసీఆర్లకి ఆకుపచ్చ జాక్ ఎక్కడిది? అది తర్వాత వచ్చిన కాంపొనెంట్ వరసలోది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, మూడూ బొమ్మకే. ఇప్పుడు చాలా టీవీల్లో పసుపు పిన్నుని కూడా ఆ ఆకుపచ్చలోనే పెట్టమంటున్నారు. రెండింటినీ పచ్చే అనేవాడు తెలుగువాడు కాక ఇంకెవడు? డిజైను మనవాడిదే.

నల్లకుంట: పెట్టాను. బొమ్మ వచ్చింది, నలుపు తెలుపులో. అక్క పట్టుచీర బూడిద రంగులో ఉంది.

కాచిగూడ: సోర్సు కాంపొనెంట్ మీదుంది. అప్పుడు ఆకుపచ్చలోంచి వెలుగునీడలే చదువుతుంది, రంగు మిగతా రెండు తీగల్లో రావాలి. మెనూలో ఏవీకి మార్చండి.

మలక్‌పేట మాస్టారు: ఈ "పెట్టాను" ఏమిటి? గుచ్చాను, దోపాను, చొనిపాను, ఇన్ని ఉండగా! పోతన కృష్ణుడు చల్ది తినే పద్యం చూడండి. పిల్లనగ్రోవి నడుముకట్టులో చొనిపాడు, కొమ్ముబూరా కర్రా డాచంకలో ఇరికించాడు, మీగడ పెరుగు కలిపిన ముద్ద డాచేత, ఊరగాయలు వేళ్ల సందుల్లో. ఏదీ జారదు. టీవీ వెనక దూరినవాడికి కావలసిన నేర్పంతా అదే. ఆ "డా" ఎడమే, మన దాపల దాని చుట్టమే.

బర్కత్‌పుర: అలాగైతే తాత "డాపలికి" అనాలిగా?

మలక్‌పేట మాస్టారు: రెండు రూపాలూ ఉన్నాయి. మీ దాపుకే దిక్కులేదు.

నల్లకుంట: రంగులొచ్చాయి! కానీ కుడి స్పీకరు పలకట్లేదు.

కాచిగూడ: వెనక ఎర్రవి రెండుంటాయి. ఒకటి బొమ్మది, మీరు అందులో గుచ్చుంటారు. తెల్లదాని పక్కనున్న ఎర్రదాంట్లోకి మార్చండి.

అల్వాల్: ఆగండి, తెల్లదానికి ఏ పక్కనుంది?

నల్లకుంట: వెనకనుంచి చూస్తే... దాపలే.

అల్వాల్: చెప్పానా!

మలక్‌పేట మాస్టారు: అది మీ టీవీ పాఠం. తాత పాఠం ఇంకా తేలలేదు.

బర్కత్‌పుర: దాపుకు.