రోజూ వాక్యూమ్ చేస్తున్నా చెత్త పోవట్లేదు

ప్రశ్న:
మా ఆర్డర్ల టేబుల్‌లో 40 కోట్ల వరుసలున్నాయి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. పగలంతా స్టేటస్ అప్‌డేట్లే, ఒక్కో ఆర్డర్‌కి ఐదారు. ప్రతి అప్‌డేట్‌కీ ఆ వరుస పాత కాపీ చచ్చి చెత్తగా మిగులుతుంది. ఆ చెత్త తీసే వాక్యూమ్ కమాండ్‌ని రాత్రి రెండింటికి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టాను. ఎర్రర్ ఏమీ లేకుండానే ముగుస్తుంది. పొద్దున్నే చూస్తే ఎన్_డెడ్_టప్ (చచ్చిన వరుసల లెక్క) తగ్గదు సరికదా, నిన్న 6 కోట్లు, ఇవాళ 7. శనివారం రాత్రి, టేబుల్ మొత్తాన్ని కొత్తగా తిరగరాసే వాక్యూమ్ ఫుల్ కొట్టేద్దామనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

జవాబు:
చేశాను, మీరు మాత్రం చేయకండి. ఫుల్ నడుస్తున్నంతసేపూ ఆ టేబుల్ మీద సెలెక్ట్ (చదివే క్వెరీ) కూడా కదలదు. పాత కాపీ, కొత్త కాపీ రెండూ ఒకేసారి డిస్క్‌లో పట్టాలి. నాకు మూడో గంటలో డిస్క్ నిండి, చేసిందంతా వృథా అయింది.

జవాబు:
చెత్త ఎందుకు పోవట్లేదో ముందు చూడండి. వాక్యూమ్ వెర్బోస్ (వివరాలు కూడా చూపించేది) కొడితే, చచ్చినా ఇంకా తీయడానికి వీల్లేని వరుసలెన్నో చెబుతుంది. ఆ అంకె పెద్దదైతే వాక్యూమ్ తప్పేమీ లేదు. ఎక్కువగా, అదే డేటాబేస్‌లో ఎవరో ట్రాన్సాక్షన్ (కమిట్‌తో ముగిసే పని) తెరిచి ముగించకుండా వదిలేసి ఉంటారు. దానికి పాత కాపీలు అవసరం పడొచ్చని వాక్యూమ్ వాటిని తీయదు, కాబట్టి అది మీ టేబుల్‌ని ముట్టుకోకపోయినా సరే, అడ్డమే. ఇప్పుడున్న కనెక్షన్లన్నీ చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీలో ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (ట్రాన్సాక్షన్ మొదలైన టైము) అన్నిటికన్నా పాతది ఎవరిదో చూడండి. అక్కడ దొరక్కపోతే ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు (రెండు దశల కమిట్‌లో మధ్యలో ఆగినవి), హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్‌లో ఉన్న రెప్లికా (తన క్వెరీలకి కావాల్సిన పాత వరుసలు తీయొద్దని చెప్పే నకలు సర్వర్) చూడాలి.

ఇంకోటి, మీ ఆటోవాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ తనంతట తాను చేసే వాక్యూమ్) ఇంకా నిద్ర లేచి ఉండదు. టేబుల్‌లో ఎన్నో వంతు చచ్చాక మొదలవ్వాలో చెప్పే స్కేల్ ఫ్యాక్టర్ డిఫాల్ట్‌గా 0.2 కదా, 40 కోట్లకి 8 కోట్లు చచ్చేదాకా అది కదలదు. ఈ ఒక్క టేబుల్‌కే ఆల్టర్ టేబుల్‌తో 0.01 పెట్టండి. 40 లక్షలకే మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అది నాదే. ఆఫీసు మెషిన్‌లో క్వెరీ టూల్, ఆటోకమిట్ ఆఫ్, అంటే నేను కమిట్ కొట్టేదాకా ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది. పోయిన సోమవారం ఏదో లెక్క సరిచేసి, కమిట్ కొట్టకుండా ఆ ట్యాబ్ అలాగే వదిలేశాను. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' (తెరిచి, ఏ పనీ చేయకుండా) ఏడు రోజులు! ఆ కనెక్షన్‌ని చంపేసి వాక్యూమ్ కొడితే 7 కోట్లు కాస్తా లక్షల్లోకి దిగాయి. ఫైల్ సైజు మాత్రం అంతే ఉందేంటి?

జవాబు:
అంతే ఉంటుంది. ఫైల్ చివర ఖాళీ అయిన పేజీలు తప్ప మిగతా చోటు డిస్క్‌కి తిరిగిరాదు, కొత్త వరుసలు అందులోకే వస్తాయి. రోజుకి కోటి అప్‌డేట్లున్న మీకు ఆ చోటు ఎలాగూ కావాలి, వదిలేయండి. ఇండెక్సులు బాగా ఉబ్బి ఉంటే, వాటిని మళ్లీ కట్టే రీఇండెక్స్ కన్‌కరెంట్లీ చాలు, రాతలు ఆగవు. అలా తెరిచి వదిలేసిన కనెక్షన్లని తెంపే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ కూడా పది నిమిషాలకి పెట్టండి, మొదట మీ యూజర్‌కే.