కొత్తగా షుగర్ బయటపడింది, సీ-పెప్టైడ్ 1.1: ప్యాంక్రియాస్ పని అయిపోయినట్టేనా?

ప్రశ్న (గాజువాక క్లినిక్):
38 ఏళ్ల మనిషి, 64 కిలోలు. షుగర్ బయటపడి వారం. పరగడుపున 248, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 10.8. కీటోన్లు లేవు, క్రియాటినిన్ మామూలే. పరగడుపు ఇన్సులిన్ 9, సీ-పెప్టైడ్ (ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్‌తో పాటే విడుదలయ్యే ముక్క) 1.1 నానోగ్రాములు. హోమా-బీ (పరగడుపు ఇన్సులిన్, గ్లూకోజ్ అంకెలతో ప్యాంక్రియాస్ సత్తాని అంచనా కట్టే సూత్రం) లెక్కేస్తే 17.5 శాతం తేలింది. ఇక జీవితాంతం ఇన్సులినేనా? రక్తం ఇక్కడే తీసి సిటీలో ల్యాబ్‌కి పంపాం.

జవాబు (ఎండోక్రైన్, మహారాణిపేట):
లెక్క సరే: 360 × 9 ÷ (248 − 63). తొందరపడింది అర్థం తీయడంలోనే. షుగర్ 250 దగ్గర రోజుల తరబడి నడిస్తే ఆ గ్లూకోజే ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే బీటా కణాల్ని మొద్దుబారుస్తుంది. మీరు కొలిచింది వాటి అసలు సత్తా కాదు, సొమ్మసిల్లినప్పటి సత్తా. షుగర్ అదుపులోకి తెచ్చి, అందుకు కొన్ని వారాలు ఇన్సులిన్ ఇవ్వాల్సొచ్చినా సరే, అప్పుడు మళ్లీ కొలవండి.

సీ-పెప్టైడ్ 1.1ని 3తో భాగిస్తే యూనిట్ మారి సుమారు 0.37 నానోమోల్. 0.2 లోపైతే తీవ్రమైన లోటు, 0.6 దాటితే టైప్ 2 వైపు మొగ్గు అంటాం. అయితే ఆ గీతలు తిన్న 5 గంటల్లోపు తీసిన రక్తానివి, పరగడుపు అంకెకి అతికించకూడదు. మనిషి సన్నగా ఉంటే మాత్రం ముందు గాడ్ యాంటీబాడీ (టైప్ 1ని పసిగట్టే రక్త పరీక్ష) చేయించండి.

జవాబు (ల్యాబ్ బయోకెమిస్ట్):
నాకైతే ఆ ఇన్సులిన్ 9 మీదే అనుమానం. ఎండలో ట్యూబు కుదుపులతో వచ్చి, సీరం లేత గులాబీ రంగు తిరిగిందంటే ఎర్రకణాలు పగిలినట్టు. వాటిలోని ఎంజైమ్ ఇన్సులిన్‌ని తినేస్తుంది, అంకె తగ్గుతుంది. 9 కాస్తా 6 అయితే మీ హోమా-బీ 11.7కి జారిపోతుంది! సీ-పెప్టైడ్‌కి ఆ బెడద తక్కువ. పైగా లివర్ మొదటి దెబ్బకే దాదాపు సగం ఇన్సులిన్ లాగేసుకుంటుంది, సీ-పెప్టైడ్‌ని ముట్టదు. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తే 24 గంటలు గది వేడిలోనూ నిలుస్తుంది. అదే పోటుతో గ్లూకోజ్‌కి బూడిదరంగు మూత ట్యూబు కూడా నింపండి, జత లేని సీ-పెప్టైడ్‌కి విలువ లేదు.

ఇంకోటి, జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి. కొన్ని మెషీన్లలో అది సీ-పెప్టైడ్‌ని తప్పుగా తక్కువ చూపిస్తుంది. 3 రోజులు ఆపించి తీయాలి.

ప్రశ్న (గాజువాక క్లినిక్):
థాంక్స్ సార్. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 30 నిమిషాల ఇన్సులిన్ చూడమంటారా?

జవాబు (ఎండోక్రైన్, మహారాణిపేట):
పరగడుపునే 248 ఉన్న మనిషికి వద్దండీ. అదుపులోకొచ్చాక మిక్స్‌డ్ మీల్ పరీక్ష (పోషక ద్రవం తాగించి సీ-పెప్టైడ్ చూడటం) మేలు: ద్రవం కిలోకి 6 మిల్లీలీటర్లు, 360కి మించకూడదు. ఈయనకి లెక్క 384 వస్తుంది కాబట్టి 360 ఇవ్వండి. పద్ధతి కాగితంలో బూస్ట్ అని ఉంటుంది, అది అమెరికాలో దొరికే ద్రవం. మన కిరాణా కొట్లో బూస్ట్ పొడి పాలల్లో కలిపి ఇచ్చేరు సుమా, పిండిపదార్థం, ప్రోటీన్ లెక్కలు కుదరవు. ఆ ద్రవం దొరక్కపోతే రోజూ తినే టిఫిన్ పెట్టి, ఎన్ని ఇడ్లీలో రాసుకుని, తిన్న 90 నిమిషాలకి ఒకే ఒక్క శాంపిల్ రక్తం తీయండి. పరిశోధనకి పనికిరాదు గానీ రోగికి చాలు. గ్లిమిపిరైడ్ (ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయించే షుగర్ మాత్ర) వాడుతుంటే ఆ పొద్దున ఆపించండి, లేకపోతే కొలిచేది మాత్ర బలం అవుతుంది. క్రియాటినిన్ కూడా మళ్లీ చూడండి, కిడ్నీ మందగిస్తే సీ-పెప్టైడ్ పేరుకుపోయి ఎక్కువ చూపిస్తుంది.