సారీ చెప్పించిన మర్నాడే మళ్లీ కొట్టుకున్నారు: తగాదా తీర్చుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలి?

ప్రశ్న: ఉపాధ్యాయిని, పటమట, విజయవాడ

నేను ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరుగా ఉన్నాను. మా గదిలో 52 మంది పిల్లలు, మూడు ఫ్యాన్లు ఉన్నాయి. ఆ మూడింటిలో గాలి వచ్చేది ఒక్కదానికే. ఒంటిపూట బడులు మొదలైన రెండో వారంలో ఆ ఫ్యాను కింది బెంచీ కోసం ఇద్దరు అబ్బాయిలు జామెట్రీ బాక్సులు విసురుకునేదాకా వెళ్లారు. నేను ఇద్దరినీ బోర్డు దగ్గర నిలబెట్టి, ముందు ఎవరు చేయి చేసుకున్నారో విచారించి, తరగతి అందరి ముందు సారీ చెప్పించి, చేతులు కలిపించాను. మర్నాడు బడి వదిలాక గేటు బయట చెరకురసం బండి దగ్గర మళ్లీ కలబడ్డారు. ఒకరి చొక్కా జేబు ఊడి రెండోవాడి చేతికొచ్చింది. మూడో రోజు ఇద్దరి తండ్రులూ స్టాఫ్ రూము ముందు నిలబడి, పిల్లలకంటే పెద్ద గొంతుతో వాదించుకున్నారు.

పిల్లలను కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. కొట్టాలన్న కోరిక నాకూ లేదు. అయితే బెత్తం తీసేసిన చోట ఏం పెట్టాలో నాకు ఎవరూ చేసి చూపించలేదు. నీతి కథలు చెబితే పిల్లలు బుద్ధిగా విని, బెల్లు కొట్టగానే మరచిపోతున్నారు. గొడవను తమంతట తాము మాటలతో తేల్చుకునేలా పిల్లలకు నేర్పినవారు ఎవరైనా ఉంటే, ఏం చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో దయచేసి రాయగలరు.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

అమ్మా, మీరు చేసినదాన్ని నేను తప్పు పట్టలేను, ఎందుకంటే నా ఉద్యోగంలో సగం కాలం నేనూ అదే చేశాను. కానీ ‘ముందు ఎవరు కొట్టారు’ అని అడిగిన మరుక్షణం తరగతి గది కోర్టు హాలు అయిపోతుంది. ఇద్దరూ సాక్షులను కూడగట్టుకుంటారు, చూడనివాడు కూడా చూశానంటాడు, పంతులు తీర్పరి అవుతాడు, ఓడినవాడు గేటు బయట అప్పీలుకు వెళతాడు. మీ చెరకురసం బండి దగ్గర జరిగింది అదే.

ఎవరు మొదలుపెట్టారన్నది వదిలేసి, ‘నీకు ఆ బెంచీయే ఎందుకు కావాలి’ అని అడిగి చూడండి. నా దగ్గర ఒకసారి రెండో వరుస బెంచీ కోసం ఇలాంటి గొడవే వచ్చింది. విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే, ఒకడికి వెనక నుంచి బోర్డు మీది అక్షరాలు కనబడటం లేదని, ఆ సంగతి ఇంట్లో కూడా తెలియదని బయటపడింది. రెండోవాడు తన స్నేహితుడి పక్కన ఉండాలని తప్ప బెంచీ మీద మమకారం ఉన్నవాడు కాడు. మొదటివాడికి కళ్లజోడు వచ్చాక ఆ బెంచీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంకొక విషయం. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రాయబారం పద్యాలు చెవిన పడకుండా పెరిగినవారు తక్కువ. ఆలోచిస్తే, మధ్యవర్తిత్వం గురించి మన పిల్లలు మొదట వినే కథే ఫలించని కథ! ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో ఆ ఘట్టం చదివించి, అయిదూళ్లు ఇస్తే తనకేం పోతుందని దుర్యోధనుడు భయపడ్డాడో చెప్పమన్నాను. ‘ఊళ్లు పోతాయని కాదు సార్, ఇస్తే ఓడిపోయాడని సభలో అందరూ అనుకుంటారని’ అని ఒక అమ్మాయి చెప్పింది. కాసేపాగి, ‘విడిగా అడిగితే ఒప్పుకునేవాడేమో’ అని కూడా అంది. అది నిజమో కాదో పండితులు తేల్చాలి గానీ, ఆ రోజు నుంచి నేను ఏ పిల్లవాడి చేతా నలుగురి ముందు క్షమాపణ చెప్పించలేదు.

జవాబు 2: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు

మాస్టారు చెప్పిన మాటకు నా అనుభవం కలుపుతాను. పిల్లలే పిల్లల తగాదాలకు మధ్యవర్తులుగా ఉండే పద్ధతి అమెరికా బడుల్లో 1980ల నుంచి బాగా వ్యాపించింది. దాన్ని మా బడిలో ప్రయత్నించి మొదటి ఏడాది ఘోరంగా విఫలమయ్యాను. ఎంపిక చేసిన నలుగురు పిల్లలూ నెల తిరక్కుండానే ఊరి పెద్దమనుషులైపోయారు. తగాదా వస్తే విచారణ జరిపి, తప్పు ఎవరిదో తేల్చి, రెండు చాక్లెట్లు జరిమానా వేసేవారు. ఆ చాక్లెట్లు ఎవరు తిన్నారో వేరే చెప్పక్కర్లేదు. పంచాయితీ అంటే తప్పు కట్టించడమే అని వాళ్లు చూసి ఉన్నారు కాబట్టి, నేరం వాళ్లది కాదు.

రెండో ఏడాది తీర్పు చెప్పే హక్కు పూర్తిగా తీసేశాను. మధ్యవర్తి చేయవలసిన ముఖ్యమైన పని ఒక్కటే: ఒకరు చెప్పింది రెండోవాడి నోటితో మళ్లీ చెప్పించడం, మొదటివాడు ‘అవును, నేనన్నది అదే’ అనేవరకు వదలకపోవడం. ఇది వినడానికి తేలికగా ఉంటుంది గానీ, కోపంలో ఉన్న పదమూడేళ్ల కుర్రాడికి ఎదుటివాడి మాటను వెటకారం లేకుండా తిరిగి చెప్పడం చెట్టెక్కినంత పని. సాధారణంగా మూడోసారికి గొంతు దిగుతుంది. ఆ తరవాతే పరిష్కారాలు అడగాలి, అవి కూడా వాళ్ల నోటి నుంచే రావాలి. ఒప్పుకున్నది కాగితం మీద రాసుకుని, వారం తరవాత మళ్లీ కూర్చోవాలి.

భాష విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. ఇంగ్లీషు శిక్షణ పుస్తకాల్లోని వాక్యాలను అనువదించి ‘నేను బాధను అనుభూతి చెందుతున్నాను’ అని పలికిస్తే తరగతి మొత్తం నవ్వుతుంది. ‘నువ్వు దొంగవి’ అనే బదులు ‘నా పెన్ను కనపడకపోతే నాకు కోపం వచ్చింది’ అంటే చాలు. మన వాక్యంలో కోపం వస్తుంది, పోతుంది. కోపాన్ని మనిషి నుంచి విడదీసి చెప్పే వీలు తెలుగులో ముందే ఉంది.

శాంతి విద్యను విడి సబ్జెక్టుగా కాక అన్ని పాఠాల్లోనూ కలపాలన్నది 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం దృష్టి. 1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపల్ పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు విడిచి, రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్న సంగతి చెప్పేటప్పుడు, చేయెత్తకుండా ఎదురు తిరగవచ్చన్న చర్చ పిల్లల మధ్య దానంతట అదే వస్తుంది.

జవాబు 3: ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

పై ఇద్దరు పెద్దలూ చెప్పినది ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడే పనికొస్తుందని మనవి చేస్తున్నాను. మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా, పై తరగతి పిల్లలు ముగ్గురు రోజూ వాడి టిఫిన్ బాక్సు లాక్కునేవారు. బడివారు దీన్ని కూడా ‘పిల్లల గొడవ’ అనుకుని, నలుగురినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. ఆ గదిలో వాడు తలాడించి వచ్చాడు, ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. ఏడిపించేవాడికి, ఏడ్చేవాడికి మధ్య రాజీ ఉండదు. అక్కడ పెద్దవాళ్లు కల్పించుకుని ముందు దాన్ని ఆపాలి. వేధింపు మితిమీరినప్పుడు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చని కూడా పిల్లలకు చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని, పది రోజుల తరవాత

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరినీ విడివిడిగా, నీళ్ల ట్యాంకు పక్కన వేపచెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడాను. ఒకడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పేపర్లు వేసి బడికి వస్తాడట. గాలి లేకపోతే రెండో పీరియడుకే కళ్లు మూతపడతాయట. ఈ సంగతి ఏడాదిగా నాకు తెలియనందుకు సిగ్గుపడ్డాను. రెండోవాడికి అసలు బాధ బెంచీ కాదు. మొదటివాడు వాడికి పెట్టిన వెక్కిరింపు పేరు. తల్లిగారి హెచ్చరిక గుర్తుకొచ్చి, ఆ పేరు ఇంకెందరు పిలుస్తున్నారో ముందు ఆరా తీశాను. వీడొక్కడే.

ఆ తరవాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. ఎదుటివాడి మాట తిరిగి చెప్పడం దగ్గర నిజంగానే రెండుసార్లు వెటకారం దొర్లింది, మూడోసారికి కుదిరింది. బెంచీ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది: మొదటి మూడు పీరియడ్లు పేపర్లు వేసే అబ్బాయికి, ఆ తరవాత రెండోవాడికి. పేరు విషయం మాత్రం అంత తేలికగా వదల్లేదు. గురువారం మళ్లీ నోరు జారాడు. అయితే రెండోవాడు చేయెత్తకుండా ఒప్పందం కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తండ్రులు ఇంకా మాట్లాడుకోవడం లేదు.

తక్కిన రెండు ఫ్యాన్లకు కండెన్సర్లు పోయాయని కనిపెట్టి, బాగు చేయించమని హెడ్మాస్టరు గారికి అర్జీ రాసింది కూడా ఈ ఇద్దరే. అర్జీ ప్రస్తుతం ఆఫీసు బల్ల మీద ఉంది.