‘ఫోటో దిగడం’లో ఆ దిగడం ఏమిటి?

పాతపెట్టె:
మొన్న అమ్మమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక గ్రూప్ ఫోటో దొరికింది. అట్టకి అంటించిన పాతకాలం ఫోటో. తాతయ్య కుర్చీలో, పక్కన అమ్మమ్మ నిలబడి, ముందు నేలమీద ముగ్గురు పిల్లలు. వెనక తెరమీద మేడ, మెట్లు, పూలకుండీ. మా వంశంలో అప్పటికి ఎవరికీ మేడ లేదు లెండి. అట్ట వెనక సిరాతో ఒకే ముక్క: ‘1956 దసరాలకు తణుకులో దిగినది’.

ఆ ‘దిగినది’ దగ్గరే ఆగిపోయాను. తీసేవాడు ఫోటో తీస్తాడు, సరే. తీయించుకునే మనం మాత్రం ‘దిగుతాం’. బస్సు దిగుతాం, మెట్లు దిగుతాం. ఫోటో ఎక్కణ్ణుంచి దిగుతాం? కన్నడంలో, తమిళంలో ‘తీయించుకున్నా’ అన్న ధోరణే విన్నాను. మరి మనకెందుకొచ్చింది ఈ దిగుడు?

బందరు లడ్డు:
ఇది తేలికే. పాత పెట్టె కెమెరాలో ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని చూస్తాడు కదా. ఆ అద్దం మీద మనిషి తలకిందులుగా కనపడతాడు. కాళ్ళు పైకి, తల కిందికి. కాబట్టి దిగినట్టే! 😀

పాతపెట్టె:
బాగుంది గానీ, అది కనపడేది గుడ్డలోపల ఉన్నవాడికి. బయట నిలబడ్డవాళ్ళకి వాడి నడుమూ కాళ్ళే కదండీ కనపడేది. మాట పుట్టించింది దిగినవాళ్ళు.

గోదారిగట్టు:
నా లెక్కలో దీనికి మూలం ‘దించు’. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే ‘మక్కికి మక్కి దించాడు’ అంటాం. కొడుకు తండ్రి పోలికైతే ‘అచ్చం వాళ్ళ నాన్నని దించేశాడు’ అంటాం. బొమ్మ చూసి ఇంకో బొమ్మ వేసినా దించడమే. అంటే దించడమంటే ఉన్నది ఉన్నట్టు ఇంకోచోటికి తేవడం. కెమెరా చేసే పని అదే. అది దించితే మనం దిగాం.

మాస్టారు (రిటైర్డు):
గోదారిగట్టు గారూ, సగం దూరం మీతో వస్తాను. చిక్కు ఒకటుంది. ‘దించు’ నుంచి నేరుగా వస్తే దిగాల్సింది బొమ్మ. ‘ముద్ర దిగింది’, ‘అచ్చు బాగా దిగింది’ అంటాం, అలాగన్నమాట. ‘నేను ఫోటో దిగాను’ అన్నప్పుడు కర్త మారిపోయింది. ‘నీళ్ళలోకి దిగాను’, ‘బరిలోకి దిగాను’ లాంటిదనుకుందామంటే అక్కడ ‘లోకి’ ఉంది, ఇక్కడ లేదు. నాకు తోచింది చెబుతాను, రుజువు అడగొద్దు: బొమ్మ దిగడమూ, మనిషి పూనుకుని ఒక పనిలోకి దిగడమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఎందుకంటే ‘దిగాను’లో నా ఇష్టం ఉంది. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఊపిరి బిగబట్టి దిగాను. ఇష్టం లేకుండా అందులోకి వస్తే ఏమంటాం? ‘పడ్డాను’ అంటాం. ‘వెనకాల ఎవరో పడ్డారు చూడు’.

తార్నాక టీ:
మాస్టారూ, ఈ దిగడం–పడటం ముక్క నాకు భలే నచ్చింది. హైదరాబాద్ పాత ఫోటోలు చూడటం నా పిచ్చి. ఇకమీద వాటిని ఇలాగే చూస్తాను.

రాజా దీన్‌దయాళ్ సంగతి తెలిసిందే కదా. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరయ్యాడు. నిజాం ఆయనకిచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. సూరత్, తస్వీర్, ముసవ్విర్, మూడూ ఒకే ధాతువు. కొత్త యంత్రం వచ్చినా కొత్త మాట వెతుక్కోలేదు, బొమ్మలేసేవాడి పేరే ఇచ్చేశారు.

ఆయన ఫోటోల్లో నవాబులు దిగారు. పులి మీద కాలుపెట్టి దిగిన దొరలున్నారు. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళకి అప్పగించాడు. మగవాడి ముందు దిగలేనివాళ్ళు అక్కడ దిగారు. కానీ నేను భూతద్దం పెట్టి వెతికేది పడ్డవాళ్ళ కోసం. పాత వీధి ఫోటోల్లో గోడలూ మినార్లూ గీత గీసినట్టుంటాయి, నడిచిపోయేవాడు మాత్రం పొగలా ఉంటాడు. ప్లేటు మీద బొమ్మ పడేంతసేపు వాడు కదలకుండా ఉండడు కదా, వాడి పని వాడిది.

ఇంకోటి, చార్మినార్ ఫోటో ఏ కాలానిదో తేలకపోతే ముందు గడియారం చూడండి. నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. గడియారం లేదా, అంతకుముందుది. ఉందా, ఆ తర్వాతది. ‘1870 చార్మినార్’ అంటూ గడియారంతో సహా ఫార్వర్డ్ చేసేవాళ్ళకి నేను ఇదే పంపుతుంటాను, ఎవరూ దిద్దరు.

బందరు లడ్డు:
మరి వరద ఫోటోలు? వాళ్ళు దిగారా, పడ్డారా?

తార్నాక టీ:
1908 సెప్టెంబరు 28, మూసీ వరద. పాతబస్తీలో ‘తుగ్యానీ’ అనేవారు, ఉర్దూలో వరదకి మాట. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది, 1578 నాటి పురానాపూల్ నిలబడింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి బతికినవాళ్ళ కథ మీకు తెలిసే ఉంటుంది. అప్పటికి దీన్‌దయాళ్ పోయి మూడేళ్ళు. ఆ వరద మిగిల్చిన శిథిలాల ఫోటోల్లో ఇటుకల గుట్టల మీద నిలబడి కెమెరావైపే చూస్తున్న మనుషులుంటారు. వాళ్ళని ఎవరో నిలబెట్టారు. దిగారనలేం, పడ్డారనలేం. మీ ప్రశ్నకి నా దగ్గర క్రియ లేదు.

గోదారిగట్టు:
‘దింపారు’ అనొచ్చేమో. పెళ్ళిలో పట్టుకొచ్చి ‘నువ్వూ ఓ ఫోటో దిగు’ అని నిలబెడతారే, అలాగ. అన్నట్టు మా నాయనమ్మ ఒక్క ఫోటో కూడా దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని. ఆవిడ పోయాక గోడకి పటం పెడదామంటే బొమ్మ లేదు, ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు. అది మటుకు ఆవిణ్ణి దింపిందే.

పాతపెట్టె:
అందరికీ దండాలు. మాస్టారు చెప్పాక మా ఫోటో మళ్ళీ తీసి చూశాను. కుడివైపు అంచున, తెర పక్కన ఒక మసక మచ్చ ఉంది. చెమ్మ పట్టిందనుకున్నాను. ఫోన్‌తో తీసి పెద్దది చేస్తే చిన్నపిల్ల తల. అది కూడా బోడితల! పిన్నికి వాట్సాప్‌లో పంపాను. అప్పటికి ఆవిడకి అయిదేళ్ళు. వెంటనే ఫోన్ చేసింది:

‘‘నేనేనే అది! ఆ వారమే ద్వారకా తిరుమలలో గుండు కొట్టించారు. గుండుతో ఫోటో ఏమిటని మా అమ్మ దిగనివ్వలా. తెర పక్కన కూర్చోబెట్టింది. అయినా పడ్డానా?’’