పెళ్లి ఫొటో అద్దానికి అతుక్కుపోయింది, మౌంట్ వేయిస్తే ఉపయోగం ఉంటుందా?

బీచ్‌రోడ్డు బాబు:
మాది వైజాగ్, ఇల్లు సముద్రానికి దగ్గర. అమ్మానాన్నల పెళ్లి ఫొటో ముప్పై ఏళ్లుగా హాల్లోనే ఉంది. మొన్న సున్నాలప్పుడు దించి చూస్తే ఒక మూల అద్దానికి పట్టేసి, తడి మచ్చలా కనిపిస్తోంది. లాగుదామంటే ధైర్యం చాల్లేదు. అరకులో తీసిన నాలుగు ఫొటోలు కూడా పెద్దవి చేయించి ఆ పక్కనే పెడదామని ఉంది. పటాలు కట్టే షాపాయన మౌంట్ (ఫొటో చుట్టూ వచ్చే, మధ్యలో కిటికీలా కోసిన అట్ట) వేయిస్తే అందం అంటున్నాడు గానీ, రేటు బాగా పెరుగుతోంది. ఒట్టి అందానికైతే నాకక్కర్లేదు.

మూడోకన్ను:
లాగకండి బాబూ! ఫొటో కాగితం పైన జిలటిన్ పొర ఉంటుంది, తేమకి మెత్తబడి జిగురైపోతుంది, ఆరాక అద్దాన్ని వదలదు. లాగితే బొమ్మే ఊడొస్తుంది. అద్దంతో సహా ఫ్రేములోంచి తీసి, కిటికీ పక్క వెలుగులో పెట్టి కెమెరాతో కాపీ తీసుకోండి. ఫ్లాష్ ఆపేయండి. నల్ల గుడ్డకి లెన్స్ పట్టేంత చిల్లు చేసి అందులోంచి తీస్తే మీ నీడా, కెమెరా నీడా అద్దంలో పడవు. స్టాండు మీద పెట్టి 2 సెకన్ల టైమర్ వాడితే చెయ్యి వణుకు కూడా ఉండదు.

ఇక మౌంట్ అసలు పనే ఫొటోకీ అద్దానికీ మధ్య ఎడం ఉంచడం. అందం తర్వాత సంగతి.

గోడమేకు:
నేను ఇంట్లోనే కట్టుకుంటా. 12x18 అంగుళాల ఫొటోకి మౌంట్ అట్టలో కిటికీ 11.5x17.5 కోయాలి, అంచు కిందకి పావు అంగుళం దాగాలి కదా. చుట్టూ మూడుంపావు వదిలితే సరిగ్గా 18x24 ఫ్రేము. యాసిడ్ ఫ్రీ బోర్డే అడగండి, మామూలు అట్టయితే కొన్నేళ్లకి కోసిన అంచు గోధుమరంగుకి తిరిగి ఆ గీత ఫొటో మీద దిగుతుంది. ఫొటోని పైన రెండు చోట్ల మాత్రమే పేపర్ టేపుతో వేలాడదీయమనండి. షాపుల్లో నాలుగువైపులా ఫెవికాల్ పూసేస్తారు, వానాకాలం వచ్చేసరికి కాగితం సాగి అలలు లేస్తుంది.

పొగమంచు:
అరకు ఫొటోలు ఫోన్లో తీశారా? చాలా ఫోన్లలో పొడవు వెడల్పుల లెక్క 4:3, 12x18కేమో 3:2 కావాలి, ల్యాబ్‌వాడు పైనో కిందో కోసేస్తాడు, నా బొర్రా గుహల ఫొటోలో మా ఆవిడ పాదాలు అలాగే పోయాయి. 12x16 అడిగితే మొత్తం వస్తుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో ఆ సైజుకి హాయిగా సరిపోతుంది. ఈసారి కెమెరాలో గ్రిడ్ గీతలు, వెలుగు ఎక్కువై తెల్లగా కాలిపోయిన చోట మిణుకుమనే హెచ్చరిక ఆన్ చేసుకోండి. మంచు, మబ్బులు కాలిపోతే ప్రింటులో ఒట్టి తెల్ల కాగితమే.

బీచ్‌రోడ్డు బాబు:
అందరికీ థాంక్సండీ. నల్ల గుడ్డ చిట్కా పనిచేసింది, కాపీ బాగా వచ్చింది. ఒక్క గొడవే మిగిలింది. కళ్ల ఎత్తులో పెడదామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు, పటమంటే పైన ముందుకి వాల్చి కట్టాలంటుంది.

గోడమేకు:
అమ్మగారి మాటే వినండి. వాలితే కిటికీ వెలుగు అద్దంలో మెరవదు, వెనక గాలీ ఆడుతుంది. కింద అంచుకి రెండు రబ్బరు బిళ్లలు అంటించండి, చెమ్మ గోడ తగలదు.