పైథాన్ 3.8, 3.9లకు సపోర్ట్ ఇక ఆపేయవచ్చా?

రాత్రిబిల్డ్:
లాగ్ ఫైళ్లు చదివి లెక్కలు తీసే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి చూసుకుంటున్నాను. ఇప్పుడు పైథాన్ 3.8 నుంచి 3.14 దాకా అన్నిటి మీదా నడుస్తుంది. 3.8కి 2024 అక్టోబరుతో, 3.9కి 2025 అక్టోబరుతో పైథాన్ టీమ్ సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆపేసింది. అందుకని వచ్చే రిలీజ్ నుంచి కనీస వెర్షన్ 3.10 చేద్దామంటే టీమ్‌లో ఇద్దరు గట్టిగా వద్దంటున్నారు. నడుస్తున్నదాన్ని కదపడం దేనికని వాళ్ల వాదన. మీరేమంటారు?

సర్వర్‌గది:
నేనూ వాళ్ల వైపే. పైథాన్ టీమ్ చేతులు దులుపుకున్నంత మాత్రాన 3.9 చచ్చిపోలేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో, అదే రెల్ 9లో, సిస్టమ్ పైథాన్ (ఓఎస్‌తో పాటే వచ్చేది) 3.9. ఆ లినక్స్‌కి 2032 దాకా సపోర్ట్ ఉంది. రెల్ 8లో అయితే ఇంకా 3.6.

కొత్త పైథాన్ వేసుకోండి అని చెప్పడం తేలికే. రెల్ 9లో 3.11, 3.12 ప్యాకేజీలు దొరుకుతాయి కూడా. కానీ ప్యాకేజీలు వేసే ఆర్‌పీఎం, డీఎన్‌ఎఫ్ లాంటివాటిని పైథాన్ నుంచి వాడుకునే బైండింగ్స్ సిస్టమ్ పైథాన్‌కే ఉంటాయి. వేరే మెషీన్లను దూరం నుంచి మేనేజ్ చేసే టూల్ ఆన్సిబుల్‌కి ఏమైందో చూశారుగా. 2024లో ఆన్సిబుల్-కోర్ 2.17 వచ్చినప్పుడు, అది మేనేజ్ చేసే మెషీన్ల మీద 3.6కి సపోర్ట్ తీసేశారు. రెల్ 8లో డీఎన్‌ఎఫ్ బైండింగ్స్ ఉన్నదేమో 3.6కే. దాంతో ఆ మెషీన్ల మీద ప్యాకేజీలు వేసే మాడ్యూలే మూలన పడింది. 2.16 దగ్గర ఆగిపోవడం కంటే సులువైన దారి లేకుండా పోయింది.

పాతకోడ్:
ఆన్సిబుల్ అవతలి మెషీన్‌లోకి వెళ్లి, అక్కడ ఏ పైథాన్ ఉంటే దానితోనే పని చేయించుకోవాలి. దాని కష్టం వేరు. లాగ్‌లు చదివే లైబ్రరీని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే సిస్టమ్‌ని కదపకుండా విడిగా పెట్టుకునే సెటప్‌లో, నచ్చిన పైథాన్‌తో నడుపుకోవచ్చు కదండీ.

పైగా సపోర్ట్ ఆపితే ఎవరి దగ్గరున్నదీ పోదు. లైబ్రరీ మెటాడేటాలో ఏ పైథాన్ కావాలో చెప్పే రిక్వైర్స్-పైథాన్ దగ్గర >=3.10 అని రాస్తే, 3.9 మీద ఉన్న పిప్ (లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) కొత్త రిలీజ్‌ని వదిలేసి తనకు సరిపోయే చివరి పాత రిలీజ్‌ని దించుకుంటుంది. వాడేవాళ్లకు తేడా కూడా తెలియదు.

ప్రమాదమల్లా ఆ ఒక్క లైన్ మార్చకుండా రిలీజ్ చేస్తేనే. కోడ్‌లో 3.10తో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ పెట్టి, మెటాడేటాలో >=3.8 అలాగే ఉంచేశారనుకోండి. 3.9 వాళ్లకీ అది ఇన్‌స్టాల్ అవుతుంది, ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ ఎర్రర్. మర్నాడు లైన్ సరిచేసి ఇంకో రిలీజ్ ఇచ్చినా లాభం లేదు. 3.10 కావాలని చెప్పే ఆ కొత్తదాన్ని పిప్ పక్కన పెట్టేస్తుంది, పాడైనదే తనకు సరిపోయే చివరిదని మళ్లీ దాన్నే తెస్తుంది. పిప్ లైబ్రరీలు దించుకునే పైపీఐలో దాన్ని యాంక్ చేసేదాకా, అంటే ఇక ఎంచుకోవద్దని గుర్తు పెట్టేదాకా, ఇదే తంతు.

సెమికోలన్:
కొత్త సింటాక్స్ మోజుతో పాత వెర్షన్లు తీసేస్తున్నారని అందరూ అనుకుంటారు. సింటాక్స్ లేకపోతే ఎలాగోలా సర్దుకోవచ్చు. నడుం విరిచేది డిపెండెన్సీలు, అంటే మన కోడ్ వాడుకునే వేరే లైబ్రరీలు. లెక్కల లైబ్రరీ నమ్‌పైనే చూడండి, 3.8 మీద నడిచే చివరిది 1.24. 3.13కి కావాలంటే 2.1 నుంచి మొదలు. అంటే మీ కోడ్ ఒకేసారి ఆ రెండిటి మీదా నడవాలి. మధ్యలో 2.0 వచ్చి చాలా పేర్లు మార్చేసింది: ట్రాపెజాయిడ్ అనే ఫంక్షన్ అప్పుడే వచ్చింది, పాత ట్రాప్జ్‌ని వాడొద్దని అప్పుడే చెప్పారు. ఇక ప్రతి చోటా ఇది ఉందా అది ఉందా అని ఇఫ్‌లు. టెస్ట్‌లు రాసే పైటెస్ట్ కూడా 8.4తో 3.8ని వదిలేసింది కాబట్టి అక్కడా రెండు రకాల సెటప్పులే. ఒక బగ్ రిపోర్ట్ వస్తే అది మన కోడ్‌లో తప్పా, పాత నమ్‌పైలో తప్పా తేల్చడానికే సాయంత్రం గడిచిపోతుంది.

సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు చాలావరకు పాటించే స్పెక్ 0 అనే నియమం ప్రకారం ఒక పైథాన్ వెర్షన్‌కి, విడుదలైన నాటి నుంచి మూడేళ్లే సపోర్ట్. ఆ లెక్కన 2021 అక్టోబరులో వచ్చిన 3.10 కూడా పోవాల్సిందే. రాత్రిబిల్డ్ గారు దయ చూపిస్తున్నారు.

సర్వర్‌గది:
డిపెండెన్సీల సంగతి ఒప్పుకుంటాను. కానీ పాతకోడ్ గారు మెచ్చుకున్న గుణమే నాకు టెన్షన్. వాడేవాళ్లకు తెలియకుండా పిప్ పాతదాన్నే ఇస్తూ పోతుంది. రేపు ఆ పాత రిలీజ్‌లో సెక్యూరిటీ లోపం బయటపడితే? ఇది లాగ్‌లు చదివే లైబ్రరీ. లాగ్‌లో బయటివాళ్లు పంపిన ఏ చెత్తయినా ఉండొచ్చు. ఒక్క చెడ్డ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (టెక్స్ట్‌లో వెతికే నమూనా) చాలు, సీపీయూ మొత్తం తినేయడానికి.

పాతకోడ్:
ఆ మాట నిజమే. దానికి పాత రిలీజ్ కోడ్‌ని విడిగా ఒక బ్రాంచ్‌లో ఉంచి, గడువు రాసి పెట్టాలి. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3వ వెర్షన్ 2022 నవంబరులో ఒక్కసారిగా జావా 17 కావాలంది. పాత 2.7కి మాత్రం మరో ఏడాది ప్యాచ్‌లు ఇచ్చారు. 2032 దాకా అంటారా, ఆ పని చేస్తామని డబ్బు తీసుకున్నది రెడ్ హ్యాట్. ఖాళీ టైమ్‌లో కోడ్ రాసేవాళ్ల మీద ఆ బరువు వేయడం న్యాయం కాదు.

రాత్రిబిల్డ్:
సరే, ఇలా చేస్తాను. కనీస వెర్షన్ 3.10. 3.9 మీద నడిచే చివరి రిలీజ్‌కి బ్రాంచ్ తీసి, ఏడాది పాటు సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే. గడువు తేదీ రీడ్‌మీలో మొదట్లోనే ఉంటుంది. 3.8కి బ్రాంచ్ విడిగా పెట్టను, దానికీ అదే. మైనర్ రిలీజ్‌గానే (చుక్క తర్వాతి నంబర్ మార్చి) ఇస్తాను, ఏపీఐలో, అంటే వాడేవాళ్లు పిలిచే ఫంక్షన్లలో, ఏదీ మారట్లేదు కాబట్టి.

సర్వర్‌గది:
మైనర్ వద్దండీ, చుక్కకి ముందుండే మేజర్ నంబరే మార్చండి. పాత బ్రాంచ్‌లో ప్యాచ్ వచ్చిందో లేదో చూసుకునేవాడికి మీ లైబ్రరీ 2 పాతది, 3 కొత్తది అంటే ఇట్టే అర్థమవుతుంది. 2.7కి ప్యాచ్ వచ్చింది, 2.8కి వేరే ప్యాచ్ అంటే ఎవరూ పట్టించుకోరు.

సెమికోలన్:
అలా అయితే ఏటా ఒక పైథాన్ పోతుంది, ఏటా ఒక మేజర్ నంబర్. అప్పుడు నిజంగా ఏపీఐ మారినప్పుడు ఎవరు నమ్ముతారు? నా ఓటు మైనర్‌కే.